అపకేంద్ర ‘వి…’: ఆ తర్వాత ఏ మాట?

ద్రుతం: డిగ్రీలో అణువుల వర్ణపటాల పాఠంలో చదివిన ఒక వాక్యం రెండు రోజులుగా వదలడం లేదు. “అణువు వేగముగా తిరుగు కొలది బంధము సాగును, ఈ అపకేంద్ర వి… వలన రేఖలు దగ్గరగును.” ఇంగ్లీషులో సెంట్రిఫ్యూగల్ డిస్టార్షన్. ఆ ‘వి’ తర్వాత ఏముందో ఎంతకీ తట్టడం లేదు. విరూపణా, వికృతా, విచలనమా?

అరసున్న: విరూపణ. సందేహమే లేదు. వికృతిని ఎప్పుడో భౌతికశాస్త్రంలో స్ట్రెయిన్‌కి ఇచ్చేశారు, ప్రతిబలం (స్ట్రెస్) పక్కన.

సరళాదేశం: అంతకు ముందు అది మన వ్యాకరణం సొత్తు కదండీ. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. మాట మారినా లోపల అగ్ని కనిపిస్తూనే ఉంది. తిరిగే అణువుదీ అదే తీరు. కార్బన్ మోనాక్సైడ్ భ్రమణ వర్ణపటంలో, అంటే తిరిగే అణువు పీల్చే తరంగాల వరుసలో, మొదటి రేఖ 115271.2 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బంధం కర్రలా బిగిసి ఉంటే పదో రేఖ సరిగ్గా పది రెట్లు, 1152712 దగ్గర పడాలి. పడేది 1151985 దగ్గర. పదకొండు లక్షల పైచిలుకులో తగ్గింది 727. రూపం ఎక్కడికీ పోలేదు, కాస్త సాగిందంతే. దానికి ‘విరూపం’ అనడం నాకు మనసొప్పదు.

అరసున్న: సరళాదేశం గారూ, విరూపాక్షుడిలో ‘వి’ వికారమా? మామూలుకు భిన్నమైన కన్ను అని కదా! ఇక్కడా ఆ అర్థమే. మీథేన్‌నే చూడండి. నాలుగు హైడ్రోజన్లూ సమంగా అమరి ఉన్నంతసేపు డైపోల్, అంటే ధన, రుణ ఆవేశాల మధ్య ఎడం, సున్నా, కాబట్టి శుద్ధ భ్రమణ రేఖలు రాకూడదు. తిరిగేటప్పుడు ఆ సౌష్ఠవం రవ్వంత చెదిరి అతి చిన్న డైపోల్ పుడుతుంది, రేఖలు బలహీనంగానైనా వస్తాయి. వర్ణపట శాస్త్రవేత్త వాట్సన్ 1971లో చూపించింది ఇదే. రూపం భిన్నమైతేనే కదా అది కనిపించింది!

ఉకారం: ఇద్దరూ సంస్కృతం దగ్గరే ఆగిపోయారు. ‘సాగుదల’ చాలదా? తిక్కనను చదివినవాళ్లకు తెలుగు మాట ఎంత బరువు మోయగలదో చెప్పాలా?

అరసున్న: సాగుదల రెండు పరమాణువుల అణువు వరకే. నీటి అణువును రెండు హైడ్రోజన్ల నడిమి అక్షం చుట్టూ తిప్పితే కోణం విచ్చుకుంటుంది. ఆ హైడ్రోజన్లను కలిపే గీతకు సమాంతరమైన అక్షం చుట్టూ తిప్పితే ముడుచుకుంటుంది. అక్కడ సాగుదలను కొలిచే ఒక్క ‘డి’ స్థిరాంకం చాలదు, కోణీయ ద్రవ్యవేగం నాలుగో ఘాతంతో వచ్చే స్థిరాంకాలే ఐదు కావాలి. సాగుదలలో ఆ ముడుచుకోవడం ఏదండీ?

ఉకారం: ఒప్పుకుంటాను. కానీ విచ్చుకోవడం, ముడుచుకోవడం అని మీరే చక్కని తెలుగులో చెప్పారు! తిక్కనలో నాకు నచ్చేది ఇదే. పెద్ద సంగతి వచ్చినప్పుడు చిన్న క్రియ పట్టుకుంటాడు. మనం శాస్త్రం అనగానే నామవాచకం కోసం వెతుకుతాం.

సరళాదేశం: స్థిరాంకానికి పేరు పెట్టాలంటే నామవాచకం తప్పదండీ. ‘ముడుచుకునే స్థిరాంకం’ అనలేం కదా. తిక్కన సంగతి వేరే పోస్టులో పెట్టండి, నేనూ వస్తాను. నా ఓటు వికృతికే.

ద్రుతం: అందరికీ ధన్యవాదాలు. ఆ పేజీలోని సూత్రంలో ‘డి’ ముందున్న మైనస్ గుర్తు చుట్టూ నేను పెన్సిల్‌తో సున్న చుట్టాను, అది ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ మాట చివర ‘ణ’ ఉన్నట్టే అనిపిస్తోంది. కానీ ఆ పక్క వాక్యంలో ‘భ్రమణ స్థిరాంకము’ కూడా ఉండేది. గుర్తున్న ‘ణ’ దానిదేనేమో.