మాన్యువల్ గేర్ బీఎండబ్ల్యూ 340ఐ తీసుకుందామనుకుంటున్నా, డాలస్ ట్రాఫిక్‌లో రోజూ నడపడం కుదురుతుందా?

ఫ్రిస్కో_నెల్లూరు:

నమస్తే అన్నలూ అక్కలూ, పోస్ట్ కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదివి మీకు తోచింది చెప్పండి. నేనుండేది ఫ్రిస్కోలో, ఆఫీసు లాస్ కొలీనాస్‌లో, వారానికి మూడు రోజులు వెళ్ళాలి, పొద్దున త్వరగా బయల్దేరితే 121 హైవే మీద హాయిగా పోవచ్చు గానీ సాయంత్రం 35ఈ చుట్టుపక్కల నత్తనడకే. ఇంట్లో టొయోటా సియెన్నా వ్యాన్ ఉంది, పిల్లలు, సామాన్లు, ఎయిర్‌పోర్ట్ పనులు అన్నీ దాంతో అయిపోతాయి. రెండో కారు లీజు అయిపోవస్తోంది, ఈసారి నాకు నచ్చిన బండి కొనుక్కుంటానని మా ఆవిడని ఒప్పించా.

నాకు కావాల్సింది నాలుగు డోర్ల సెడాన్, రియర్ వీల్ డ్రైవ్, గేర్లు నేనే వేసుకునేది. నెల్లూరులో డ్రైవింగ్ స్కూల్ మారుతి 800 మీద నేర్చుకుని తర్వాత నాన్న స్విఫ్ట్ డీజిల్ నడిపినోణ్ణి, అమెరికా వచ్చిన దగ్గర్నించి క్లచ్ అనేదే తొక్కలేదు, ఆ సరదా మాత్రం ఎక్కడికీ పోలేదు. వెతగ్గా వెతగ్గా ఆస్టిన్‌లో ఒకాయన దగ్గర 2017 బీఎండబ్ల్యూ 340ఐ దొరికింది, 6 స్పీడ్ మాన్యువల్, ఎం స్పోర్ట్, మైలేజ్ 70 వేల లోపు, సర్వీస్ రికార్డులన్నీ ఉన్నాయంటున్నాడు. ఇంకోపక్క జెనెసిస్ జీ70లో కూడా మాన్యువల్ ఉండేదని విన్నా. ఒక ఫ్రెండేమో ఇంకొంచెం పెట్టుకుని కాడిలాక్ బ్లాక్‌వింగ్ తీసుకోరా అంటున్నాడు, అది నా బడ్జెట్‌కి చాలా పైన.

నా భయాలు చెప్తా. రోజూ ట్రాఫిక్‌లో కాలు పట్టేస్తుందా, వారంటీ లేని జర్మన్ బండి రిపేర్లకి తట్టుకోగలమా, మా ఆవిడకి ఆటోమేటిక్ తప్ప రాదు, ఎప్పుడైనా అవసరమొస్తే ఎలా. ఎవరైనా నిజంగా వాడుతున్నవాళ్ళు చెప్తే బావుంటుంది.

బెజవాడ_ప్లేనో:

తమ్ముడూ, నేను 2008 బీఎండబ్ల్యూ 328ఐ మాన్యువల్ ఏళ్ళ తరబడి 75 హైవే మీద నడుపుతున్నా, అదే నా రోజువారీ బండి, కాబట్టి ట్రాఫిక్ సంగతి ధైర్యంగా చెప్తా. కుదురుతుంది. కానీ మనూళ్ళో అందరికీ పట్టుకునే హాఫ్ క్లచ్ అలవాటు మాత్రం వదిలెయ్యాలి. ముందు బండి కదిలిన ప్రతిసారీ మనమూ కదలాలని లేదు, రెండు కార్ల ఖాళీ ఇచ్చి ఫస్ట్‌లో క్లచ్ పూర్తిగా వదిలేస్తే ఐడిల్ మీదే బండి మెల్లగా పాక్కుంటూ పోతుంది, యాక్సిలరేటర్ కూడా ముట్టుకోనక్కర్లేదు. పక్క లేన్ వాడు మధ్యలో దూరతాడు, దూరనీ. పూర్తిగా ఆగితే న్యూట్రల్ వేసి కాలు తీసెయ్, గేర్ వేసి క్లచ్ తొక్కిపట్టుకుని సిగ్నల్ దగ్గర కూర్చుంటే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ అరిగిపోతుంది, నీ మోకాలూ నొప్పెడుతుంది.

ఇంకోటి, పెడల్స్ ఇక్కడా అదే వరస, క్లచ్ బ్రేక్ యాక్సిలరేటర్, కాళ్ళకి కొత్త ఏమీ ఉండదు. చెయ్యి మాత్రం మారుతుంది. మారుతిలో ఎడం చేత్తో వేసేవాడివి, ఫస్ట్ గేర్ నీకు దూరంగా ప్యాసింజర్ వైపు ఉండేది. ఇక్కడ కుడి చేత్తో వెయ్యాలి, ఫస్ట్ నీ మోకాలి పక్కనే ఉంటుంది, ఐదు ఆరు అవతలి వైపు. బీఎండబ్ల్యూలో రివర్స్ ఫస్ట్‌కి ఇంకా ఎడమ పక్కన, కొంచెం గట్టిగా నెడితే అడ్డం దాటి పైకి పడుతుంది. అందుకని మొదటి వారం రోజులు సిగ్నల్ దగ్గర ఫస్ట్ వేసేప్పుడు ఎడమకి మెల్లగా, అడ్డం దాటేంత గట్టిగా నెట్టకుండా, నిదానంగా పైకి తొయ్యి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక పూట తిరిగితే చేతికి అలవాటైపోతుంది.

ఎందుకు ఇంత కష్టపడాలి అంటావా, 121 నుంచి టోల్‌వే మీదకి తిరిగే ర్యాంప్ ఉంది కదా, అక్కడ థర్డ్ నుంచి సెకండ్‌కి దించి మలుపు మధ్యలోనే కొంచెం కొంచెం గ్యాస్ ఇస్తూ పోతే స్టీరింగ్‌లో రోడ్డు గరుకంతా చేతికి తెలుస్తుంది. నాది ఎన్52 ఇంజిన్, టర్బో లేని స్ట్రెయిట్ సిక్స్, అంటే ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉండేది, 230 హార్స్‌పవరే, కానీ 7 వేల ఆర్పీఎం దాకా ఒకే ఊపులో పాడుకుంటూ లేస్తుంది, ఆ గేరు మార్చే టైము నువ్వు ఎంచుకుంటావు. నా బండి తరం ఈ90లో స్టీరింగ్ హైడ్రాలిక్, నువ్వు చూసే తరం ఎఫ్30లో ఎలక్ట్రిక్, అంత ఫీల్ ఉండదు, ఆ ఒక్క విషయంలో ముందే సర్దుకో. ఇంజిన్ మాత్రం నీదే చాలా గట్టిది.

జెర్సీ_గోదారి:

నా మాట వేరే. నేను ఎడిసన్ నుంచి న్యూయార్క్ సిటీకి వెళ్ళొచ్చేవాణ్ణి, టర్న్‌పైక్ మీద సాయంత్రం పూట మాన్యువల్ అంటే నావల్ల కాదు. 340ఐకి వచ్చే జెడ్ఎఫ్ 8 స్పీడ్ ఆటోమేటిక్ చాలా మంచి గేర్‌బాక్స్, బీఎండబ్ల్యూ వాళ్ళు ఇచ్చిన లెక్కల్లో కూడా 0 నుంచి 60 మైళ్ళ వేగం అందుకోడానికి మాన్యువల్ కంటే ఆటోమేటిక్కే ముందుంటుంది. ఆటోమేటిక్ బండ్లు ఎక్కడ చూసినా దొరుకుతాయి, బేరం ఆడొచ్చు, రేపు అమ్మేప్పుడు వారంలో పోతుంది, ఇంట్లో ఇద్దరూ నడుపుకోవచ్చు. పిల్లలున్న ఇల్లు, ఆలోచించుకో.

ఓరుగల్లు_ఇంజిన్:

జెర్సీ అన్నా, స్పీడ్ ముచ్చట కాదిది. స్పీడే కావాలంటే తమ్ముడు టెస్లా తీసుకుంటుండె. మాన్యువల్ కొనేటోడు గేర్ కోసమే కొంటడు, ఒకటి రెండు పాయింట్ల సెకన్లు ఎవరు లెక్క పెడ్తరు. ఇంకో సంగతి యాద్ పెట్టుకో, రేపు తీసుకుందాం ఎల్లుండి తీసుకుందాం అనుకుంటే ఈ బండ్లు ఉండవు. అమెరికాల మామూలు 3 సిరీస్‌కి మాన్యువల్ ఎఫ్30తోనే ఆఖరు, 2019ల వచ్చిన కొత్త తరం జీ20కి ఇయ్యనే లేదు, ఎం340ఐకి కూడా లేదు. ఆడి ఏ4ల 2018 మోడల్‌తోటి తీసేసిన్రు. జీ70 మాన్యువల్ 2019 నుంచి 2021 దాకనే, అది కూడ 2.0 టర్బోకే, 255 హార్స్‌పవర్. మంచి బండే, బ్యాలెన్స్ బాగుంటది, కానీ ఆ నాలుగు సిలిండర్ల ఇంజిన్ చప్పుడు విన్నంక స్ట్రెయిట్ సిక్స్ విను, నీకే తెలుస్తది.

340ఐల ఉండేది బీ58 ఇంజిన్, 3 లీటర్ టర్బో, 320 హార్స్‌పవర్, 330 పౌండ్-ఫీట్ టార్క్. బీఎండబ్ల్యూ టర్బో ఇంజిన్లల్ల మంచి పేరున్నది ఇదే. అయినా కూలెంట్ లెవెల్ తగ్గుతుందా, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర తడి ఉన్నదా, వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ కారుతుందా అని బండి లిఫ్ట్ మీద ఎక్కించి చూపియ్యాలె. అమ్మేటాయన చెప్పిన షాప్ కాకుండ ఆస్టిన్‌లనే బీఎండబ్ల్యూలు చేసే ఇండిపెండెంట్ షాప్ చూసుకుని నువ్వే పైసలు కట్టి ఇన్‌స్పెక్షన్ చేయించు. ఆ పైసలకి వెనకాడకు.

అన్నిట్ల ముఖ్యమైంది క్లచ్. ఎట్ల చూడాలంటే, ఇంజిన్ మంచిగ వేడెక్కినంక ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్ల 2 వేల ఆర్పీఎం దగ్గర పెట్టి ఒక్కసారి ఫుల్‌గ తొక్కు. ఆర్పీఎం, స్పీడ్ రెండూ కలిసి లేస్తే క్లచ్ బాగున్నట్టు. ఆర్పీఎం ముల్లు ముందుకి ఉరికి స్పీడ్ వెనకనే ఉండిపోతే క్లచ్ జారుతుంది, అయిపోయింది దాని పని. న్యూట్రల్ల పెట్టి క్లచ్ తొక్కు, వదులు, చప్పుడు మారుతుందా విను. స్టార్ట్ చేసేటప్పుడు, ఆఫ్ చేసేటప్పుడు గడగడ అంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, అదే ఇంజిన్ కుదుపులు తగ్గించే చక్రం, దాని మీద అనుమానం పెట్టుకో. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించాలె, ఫ్లైవీల్ కూడ కలిపితే బిల్లు వేల డాలర్లల్లనే ఉంటది, మరి రేటు కూడ దాన్ని బట్టే మాట్లాడుకోవాలె.

అదొక్కటి గట్టిగ అడుగు, బండికి ట్యూన్ కొట్టించిన్రా అని. బీ58కి సాఫ్ట్‌వేర్ మారిస్తే టార్క్ చానా పెరుగుతది, కంపెనీ క్లచ్ ఆ టార్క్‌ని పట్టుకోలేదు. అమ్మేముందు మళ్ళ స్టాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చేటోళ్ళు ఉంటరు. రికార్డులల్ల క్లచ్ ముందే మార్చినట్టు కనబడితే ఎందుకు మార్చిన్రో అడుగు, ఆ జవాబుల చాన తెలుస్తది.

మిషిగన్_కర్నూలు:

ఆ బ్లాక్‌వింగ్ మాట ఎత్తినారు కాబట్టి రాస్తాండా, నా దగ్గర సీటీ4-వీ బ్లాక్‌వింగ్ ఉంది. 3.6 లీటర్ ట్విన్ టర్బో వీ6, 472 హార్స్‌పవర్, దీంట్లో 6 స్పీడ్ మాన్యువలే స్టాండర్డ్, ఆటోమేటిక్ కావాలంటే అదనంగా డబ్బు కట్టాల. ఈ కాలంలో అట్లా ఇచ్చే కంపెనీ ఏదుంది చెప్పండి. గేర్‌బాక్స్ ట్రెమెక్ టీఆర్-6060, గేర్ వేసేప్పుడు లోపల ఇనుము ఇనుముతో కలిసినట్టు గట్టిగా తెలుస్తుంది, బీఎండబ్ల్యూ గేర్ కొంచెం రబ్బరు పట్టుకున్నట్టు మెత్తగా ఉంటుంది. లాన్సింగ్‌లో చేసిందే, మా ఇంటికి దగ్గరే. పెద్దది సీటీ5-వీ బ్లాక్‌వింగ్ అయితే 6.2 లీటర్ సూపర్‌ఛార్జ్‌డ్ వీ8, 668 హార్స్‌పవర్, దానికీ మాన్యువల్ ఉంది, నాకు తెలిసి సెడాన్లలో దాన్ని మించిన ఇంజిన్-గేర్ జోడీ లేదు.

2021లో వచ్చిన తరం బీఎండబ్ల్యూ ఎం3లో మాన్యువల్ కావాలంటే బేస్ మోడలే తీసుకోవాల, 473 హార్స్‌పవర్, రియర్ వీల్ డ్రైవ్. దానికన్నా పవర్ ఎక్కువున్న కాంపిటీషన్ మోడల్‌కి ఆటోమేటిక్ ఒక్కటే.

ఇంత చెప్పి కూడా నీకు 340ఐనే తీసుకోమంటా తమ్ముడూ. సీటీ4 వెనక సీటు ఇరుకు, పెద్దోళ్ళు కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకి ఆనుతాయి. పైగా నువ్వు చెప్పిన రోడ్డు మీద 472లో సగం కూడా వాడలేవు. 320 అయితే థర్డ్ గేర్‌లో పూర్తిగా తొక్కే సందు అప్పుడప్పుడూ దొరుకుతుంది. మిగిలిన డబ్బులో మంచి టైర్లు వేయించుకో, రన్‌ఫ్లాట్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి టైర్లు, తీసేసి మామూలు సమ్మర్ టైర్లు వేస్తే అదే బండి వేరే బండి అయిపోతుంది, డిక్కీలో పంక్చర్ కిట్, గాలి పంపు పెట్టుకుంటే చాలు. ఒక లాంగ్ వీకెండ్ చూసుకుని టాలిమీనా డ్రైవ్ వెళ్ళు, ఓక్లహోమా నుంచి ఆర్కన్సా దాకా కొండ శిఖరాల మీదనే 54 మైళ్ళు, డాలస్ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి కొండ మీద ఉంటావు.

కూకట్‌పల్లి_వీల్స్:

మీరు లక్కీ అన్నా. ఇక్కడ లగ్జరీ సెడాన్‌లో మాన్యువల్ కొందామన్నా షోరూమ్‌లో లేదు. 3 సిరీస్, సీ క్లాస్, ఏ4 అన్నీ ఆటోమేటిక్కే. ఒకప్పుడు స్కోడా వాళ్ళు ఇచ్చేవాళ్ళు, ఆక్టేవియా వీఆర్ఎస్ 1.8 టర్బో, తర్వాత లారా వీఆర్ఎస్, సూపర్బ్ 1.8 టీఎస్ఐ కూడా 6 స్పీడ్ మాన్యువల్‌లో వచ్చేది. 2017లో వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ నుంచి డీఎస్జీ ఆటోమేటిక్ ఒక్కటే. నేను వర్టస్ జీటీ ప్లస్ 1.5 మాన్యువల్ నడుపుతున్నా, లగ్జరీ కాకపోయినా 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, ఆదివారం తెల్లారుజామున అనంతగిరి గుట్టల మీద దాంతోనే నా సంతోషం. మీకు 340ఐ దొరుకుతుంటే ఇంకేం ఆలోచించొద్దు.

ఫ్రిస్కో_నెల్లూరు:

అందరికీ చాలా థ్యాంక్స్. జెర్సీ అన్నా, మీరు చెప్పింది కూడా మా ఆవిడకి చదివి వినిపించా, ఆమే "నీకు కావాల్సింది అది కాదు కదా" అంది. శనివారం ఆస్టిన్ వెళ్తున్నా, ఇన్‌స్పెక్షన్‌కి షాప్ మాట్లాడేశా, ట్యూన్ సంగతి ఫోన్‌లోనే అడిగా, లేదన్నాడు, అయినా షాప్ వాళ్ళని చూడమంటా. రెండు డౌట్లు మిగిలాయి. ఆయన ఫోన్‌లో సీడీవీ తీయించా అన్నాడు, అది మంచిదా చెడ్డదా. రెండోది, మా ఆవిడకి నేర్పడం ఎలా, పాత బండి కాదు కదా, క్లచ్ పాడైపోతుందేమోనని భయం.

ఓరుగల్లు_ఇంజిన్:

సీడీవీ అంటే క్లచ్ డిలే వాల్వ్. క్లచ్ పైపుల చిన్న రంధ్రమున్న ముక్క, నువ్వు కాలు టక్కున తీసినా ఆయిల్ మెల్లగ వెనక్కి వచ్చేటట్టు చేస్తది, కుదుపు రాకుండ పెట్టిన్రు. కానీ నీ కాలు ఒకటి చెప్తే క్లచ్ ఇంకోటి చేస్తది, ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చేటప్పుడు అందుకే చానమందికి సాఫీగ రాదు. తీయించిన్రంటే నడపడం తెలిసినోళ్ళు వాడిన బండి అనుకోవచ్చు. భయమేం లేదు.

సీడార్‌పార్క్_విశాఖ:

మాది ఆస్టిన్ పక్కనే, మా ఇంట్లో ఉన్నది కూడా మాన్యువల్ బండే, నాకు మా ఆయనే నేర్పారు, అందుకని మీ రెండో డౌట్‌కి నేను చెప్తానండీ. ఫస్ట్ రోజు ఆవిడ్ని యాక్సిలరేటర్ అసలు ముట్టుకోవద్దనండి. ఆదివారం ఖాళీగా ఉండే ఆఫీసు పార్కింగ్ చూసుకోండి, చదునుగా ఉండాలి. క్లచ్ పూర్తిగా తొక్కి, ఫస్ట్ వేసి, క్లచ్ చాలా మెల్లగా వదలమనండి. ఒక చోట బండి ముక్కు కొంచెం పైకి లేచినట్టు, ఆర్పీఎం ముల్లు కాస్త కిందికి దిగినట్టు అవుతుంది, అదే పట్టుకునే చోటు, అక్కడ కాలు ఆపితే బండి తనంతట తనే కదులుతుంది. కదిలాక పూర్తిగా వదిలేసి కొంచెం దూరం పోనిచ్చి, క్లచ్ తొక్కి బ్రేక్ వేసి ఆపాలి. ఇది కాలికి వచ్చేదాకా సెకండ్ గేర్ మాట ఎత్తకండి. బండి ఆఫ్ అయిపోతే క్లచ్‌కి ఏమీ కాదు, అరిగేది గ్యాస్ గట్టిగా కొట్టి సగం క్లచ్ మీద ఉంచినప్పుడే, కాబట్టి ఆఫ్ అయినప్పుడల్లా అయ్యో అనకండి, మీరు అంటే ఆవిడ కంగారులో గ్యాస్ తొక్కుతారు.

ఎత్తు మీద వెనక్కి జారుతుందన్న భయం ఆడవాళ్ళకనే కాదు అందరికీ ఉంటుంది. ఈ బండికి హిల్ హోల్డ్ ఉంది, బ్రేక్ మీద నుంచి కాలు తీసినా కాసేపు పట్టుకుని ఉంటుంది, అది ముందే చూపించెయ్యండి. లైసెన్స్ గురించి ఆలోచించక్కర్లేదు, లండన్‌లో ఉన్న మా చెల్లికి ఆటోమేటిక్‌లో టెస్ట్ పాసైతే ఆటోమేటిక్ మాత్రమే అని ఇచ్చారు, టెక్సస్‌లో ఆ తేడా లేదు. శనివారం వచ్చినప్పుడు ఆవిడ్ని కూడా తీసుకురండి, డ్రైవర్ సీటులో కూర్చోబెట్టి క్లచ్ చివరిదాకా తొక్కమనండి. వీపు సీటుకి ఆనే ఉండి, మోకాలు కొంచెం వంగి ఉండగానే పెడల్ అడుగంటాలి, అది అందితే మిగతాదంతా నేర్చుకోవచ్చు.