‘తలుపు కీలు’ ఒకటా, రెండా?

ప్రశ్న (హన్మకొండ): ‘తలుపు కీలు పోయినయ్’ అంటే వడ్లాయనను పిలవాలా, చాబీలు చేసేటాయననా? కీ, కీలు, కీలకం ఒక్క ఇంటివేనా?

జవాబు (కాజీపేట): కీ వేరే ఇంటిదన్నా. అది ఇంగ్లీషు మాట, మన ‘లు’ చేరి కీలు అయింది. తలుపు కీలు ఏకవచనం, సంస్కృత ‘కీల’ నుంచి వచ్చింది, బహువచనం కీళ్లు. అందుకే క్రియ చూడాలె. ‘కీలు పోయింది’ అంటే మడతబందు ఊడింది, ‘పోయినయ్’ అంటే చాబీల గుత్తి పోయింది. చాబీ అంటే ఈ పేచీయే లేదు.

కీలుబొమ్మను ‘కీ ఇస్తే ఆడే బొమ్మ’ అని రాస్తున్నరు, తప్పు. అది కీళ్ల దగ్గర కదిలే బొమ్మ. ‘వానికి ఎవరో కీ ఇస్తున్నరు’ అనేదాంట్లో ఉన్నది గడియారం కీ. గంటలు కొట్టే పాత గోడ గడియారాలకు సాధారణంగా రెండు రంధ్రాలుంటయి, ముళ్లు నడిచేందుకు ఒకటి, గంట కొట్టేందుకు ఒకటి. ఒక్కదానికే కీ ఇస్తే టైము నడుస్తది, గంట మోగదు.

జవాబు (వరంగల్): కీల అంటే మేకు, చీల. విష్ణుసహస్రనామ పారాయణకు ముందు చదివే న్యాసంలో బీజం, శక్తి వరుసలో వచ్చే కీలకం ఈ ఇంటిదే. ‘కీలక నిర్ణయం’లోని కీలకానికీ ఇంగ్లీషు కీకీ శబ్దం కలిసింది, అర్థమూ కలిసింది, చుట్టరికం మాత్రం లేదు.

తమాషా ఏందంటే, మెకానిక్ చెప్పే ‘కీ’ తాళం తీయదు, అచ్చంగా చీల పనే చేస్తది. షాఫ్టుకూ (తిరిగే ఇరుసుకు) పుల్లీకీ కోసిన గాడుల మధ్య కూర్చునే ఇనుప ముక్క అది. 40 మి.మీ. షాఫ్టుకు 12 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. ఎత్తు ఉంటది. వదులైతే అటూఇటూ కొట్టుకుని గాడి అంచులు తింటది. రేకుముక్క దూర్చి బిగిస్తే నాలుగు రోజులే. మరీ గట్టి ఉక్కు వేసినా నష్టమే. మోటారు పట్టేసినప్పుడు తెగాల్సింది కీ, అది తెగకుంటే షాఫ్టు చెడుతది. ‘మోటార్ తిరుగుతున్నది, పుల్లీ తిరుగుతలేదు’ అంటే ముందు కీ చూడుమంటరు.

జవాబు (కరీంనగర్): పాశ్చాత్య సంగీతంలోని కీని శ్రుతి అంటే సగమే సరి. ఒకటిన్నర శ్రుతి అంటే ఆధార షడ్జం, అంటే పాటకు మూలమైన ‘స’, ఎక్కడో తెలుస్తది, స్వరాల వరుస మేజరా మైనరా తెలువది. హార్మోనియం మీద వేళ్లు పెట్టేవి మెట్లు. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కీ మాత్రం కీయే. ముందు ప్రిలిమినరీ, అభ్యంతరాలు చూసినంక ఫైనల్. దాన్ని చాబీ అంటే పిల్లలు నవ్వుతరు.