గ్రేడిల్ ప్లగిన్ పని కొత్త పిల్లలకు ఇవ్వొచ్చా?

లాయర్‌పేట (ఒంగోలు):
ఒంగోలు, కావలి, నెల్లూరు నుంచి కొంతమందిమి ఆదివారాలు కూర్చుని అపాచీ కయెన్‌కి స్వచ్ఛందంగా పనిచేయాలని అనుకుంటున్నాం. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, కయెన్ అంటే డేటాబేస్ టేబుళ్లకీ జావా క్లాసులకీ లంకె వేసే ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్. హైబర్నేట్ చేసే పనే, దారి వేరు. 2006 నుంచి అపాచీలో సొంత హోదా ఉన్న ప్రాజెక్టు.

ఇప్పుడు ఇంజినీరింగ్ పిల్లలు కూడా చేరతామంటున్నారు. వాళ్లకి మొదట మేవెన్, గ్రేడిల్ ప్లగిన్ల పని ఇద్దామని నా ఆలోచన. మేవెన్, గ్రేడిల్ అంటే జావా కోడ్‌ని ప్రోగ్రాంగా కూర్చే (బిల్డ్ చేసే) పనిముట్లు, వాటిలోంచి కయెన్‌ని నడిపేవి ఈ ప్లగిన్లు. కోర్‌లోకి వెళితే క్వెరీ ఎస్‌క్యూఎల్‌గా ఎలా మారుతుంది, ఆబ్జెక్టులో మార్పుల్ని ఎలా గుర్తుపెట్టుకుంటుంది, ఇవన్నీ అర్థం కావడానికే నెలలు పడుతుంది. ప్లగిన్ అలా కాదు. సెట్టింగులు తీసుకుంటుంది, లోపలి ఇంజిన్‌ని పిలుస్తుంది, ఫైళ్లు రాస్తుంది. మొదలు నుంచి చివరి దాకా ఒక్క రోజులో చదవొచ్చు. దీనికి మనలోనే కొందరు వద్దంటున్నారు. కారణాలు ఇక్కడే చెప్పండి.

కావలి_జావా:
వద్దనే వాళ్లలో నేనూ ఒకణ్ణి అన్నా. ప్లగిన్ చిన్నదే. దాన్ని మోయడమే పెద్ద పని. నేను ఇంతకుముందు పనిచేసిన కంపెనీలో ఒకబ్బాయి క్లాసులు పుట్టించే గ్రేడిల్ ప్లగిన్ రాసి, వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. 2021లో గ్రేడిల్ 7 వచ్చినప్పుడు డిపెండెన్సీలు (ప్రాజెక్టుకి కావాల్సిన బయటి లైబ్రరీలు) చెప్పుకునే పాత 'కంపైల్' కాన్ఫిగరేషన్‌ని తీసేశారు. ఆ ప్లగిన్ దాని మీదే నిలబడి ఉంది. బిల్డ్ మొత్తం ఆగిపోయింది. ఆ కోడ్ చదివినవాడు ఆఫీసులో ఒక్కడూ లేడు.

మేవెన్ అయితే ఇంత టెన్షన్ ఉండదు. ప్రాజెక్టు వివరాలు రాసే పామ్ ఫైల్ మోడల్ వెర్షన్ మేవెన్ 2 నాటిది, మేవెన్ 3లో కూడా అదే నడిచింది. గ్రేడిల్ సంగతి చూడండి: 2018లో 5, 2019లో 6, 2021లో 7, 2023లో 8, 2025లో 9. ప్రతిసారీ ఏదో ఒకటి తీసేస్తారు. ఇప్పుడు కాన్ఫిగరేషన్ క్యాష్ (బిల్డ్ సెట్టింగుల లెక్కని దాచుకుని మళ్లీ వాడే పద్ధతి) వాడమంటున్నారు. టాస్క్ నడిచేటప్పుడు ప్రాజెక్ట్ ఆబ్జెక్టుని ముట్టుకుంటే అది ఒప్పుకోదు. ఇవన్నీ మూడో ఏడు పిల్లల నెత్తిన పెడతామా?

కందుకూరమ్మాయి:
అన్నా, ఆ మూడో ఏడు పిల్లల్లో నేనూ ఉన్నాను. మా మావయ్యకి గుడ్లూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. మేత, మందులు, పట్టుబడి లెక్కల కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాస్తూ కయెన్ నేర్చుకున్నాను. మొదట పట్టుబడి టేబుల్లో 'కౌంట్' కాలమ్ లేదు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది లేకపోతే రేటే కట్టలేం. కాలమ్ చేర్చి, సీడీబీఇంపోర్ట్ (డేటాబేస్‌ని చదివే టాస్క్) నడిపితే మ్యాపింగ్‌లోకి, అంటే ఏ టేబుల్‌కి ఏ క్లాసో రాసి ఉండే ఫైల్లోకి వచ్చింది. సీజెన్ (మ్యాపింగ్ నుంచి క్లాసులు పుట్టించే టాస్క్) నడిపితే జావా క్లాస్‌లోకి వచ్చింది.

అప్పటికే ఆ క్లాసులో రేటు కట్టే మెథడ్ ఒకటి చేత్తో రాసి ఉన్నాను, చెరిగిపోతుందేమోనని భయపడ్డాను. పోలేదు. ఎందుకా అని ప్లగిన్ సోర్స్ తెరిచాను. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పై క్లాసుని ప్రతిసారీ తిరగరాస్తుంది. మనం రాసుకునే కింది క్లాసుని ఒక్కసారే పుట్టిస్తుంది, తర్వాత దాని జోలికి రాదు. కోర్ అంతా నాకింకా తెలియదు, కానీ ఈ భాగం తెలిసింది. ప్లగిన్ గుండా వెళ్లబట్టే తెలిసింది. మాకు ఈ దారి మూసేస్తే వేరే దారి ఏది?

దర్గామిట్ట (నెల్లూరు):
పిల్లలకి పాఠం చెప్పేదాన్ని కాబట్టి నా మాట కాస్త పొడుగు.

అమ్మాయి చెప్పింది నిజం. కానీ ఆ తిరగరాసే తెలివి ప్లగిన్‌లో లేదమ్మా. నువ్వు ప్లగిన్ సోర్స్ దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లావు. అది సీజెన్ మాడ్యూల్‌లో ఉంది. మేవెన్, గ్రేడిల్ రెండూ పిలిచేది దాన్నే. ప్లగిన్ పల్చగా ఉన్నంతకాలం కావలి తమ్ముడి భయం సగం తగ్గుతుంది, ఎందుకంటే గ్రేడిల్ మారినా విరిగేది ఆ పల్చటి పొరే. చిక్కెక్కడంటే, కొత్తవాళ్లకి తెలిసిన చోటు ప్లగిన్ కాబట్టి ప్రతి కొత్త సౌకర్యాన్నీ అక్కడే రాసేస్తారు. అది గ్రేడిల్‌లో ఉంటుంది, మేవెన్‌లో ఉండదు. ఆ తర్వాత రెండూ వేర్వేరు దారులు పడతాయి.

ఇంకొకటి. గ్రేడిల్‌లో టాస్క్‌కి ఏవి ఇన్‌పుట్, ఏవి ఔట్‌పుట్ అని చెబితే, ఏమీ మారనప్పుడు ఆ పని వదిలేస్తుంది. సీజెన్‌కి అది బాగుంటుంది, మ్యాపింగ్ ఫైలు మారితేనే నడవాలి. సీడీబీఇంపోర్ట్‌కి ఇన్‌పుట్ ఏది? ఎక్కడో నడుస్తున్న డేటాబేస్. అందులో కాలమ్ చేరిందో లేదో గ్రేడిల్‌కి తెలియదు. రెంటికీ ఒకే పద్ధతి పెట్టామా, పాత మ్యాపింగ్‌తోనే బిల్డ్ పాసైపోతుంది, తప్పు ఎక్కడుందో దొరకదు. ఇలాంటి నిర్ణయం కొత్తవాళ్లు ఒంటరిగా తీసుకోకూడదు.

వాళ్లకి ఇవ్వాల్సిన పని వేరే ఉంది. మేవెన్‌లో జేడీబీసీ డ్రైవర్‌ని (జావాని డేటాబేస్‌కి కలిపే లైబ్రరీని) ప్రాజెక్ట్ డిపెండెన్సీల్లో పెట్టి, ప్లగిన్ డిపెండెన్సీల్లో పెట్టకపోతే 'డ్రైవర్ క్లాస్ దొరకలేదు' అంటుంది. ప్లగిన్‌కి సొంత క్లాస్‌లోడర్ (క్లాసుల్ని వెతికి తెచ్చే భాగం) ఉంటుంది, ప్రాజెక్ట్ డిపెండెన్సీలు దానికి కనిపించవు. మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్ ఇక్కడే ఆగుతుంది. ఇలాంటివాటికి చిన్న నమూనా ప్రాజెక్టులు, టెస్టులు, అర్థమయ్యే డాక్యుమెంట్ రాయమనండి. అదీ ప్లగిన్ పనే.

మార్కాపురం_పలక:
మేవెన్ కంటే పాత బిల్డ్ పనిముట్టు యాంట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆఫీసులో పాత ప్రాజెక్టులు ఇంకా యాంట్‌తోనే నడుస్తున్నాయి. ఎవరూ పట్టించుకోని మూల కాబట్టి పిల్లలకి ఇచ్చేద్దాం అనుకోవద్దు. నేర్చుకున్నది రేపు పనికి రావాలి కదా.

కావలి_జావా:
మేడమ్, టెస్టులకీ డాక్యుమెంట్‌కీ నా అభ్యంతరం లేదు. నా అసలు భయం ఇంకా చెప్పలేదు. బిల్డ్ ప్లగిన్ అంటే వాడేవాళ్ల మెషిన్‌లో, వాళ్ల పాస్‌వర్డ్‌లు ఉన్న చోట, నేరుగా నడిచే కోడ్. 2024లో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో ఏం జరిగిందో గుర్తుందా? అలసిపోయిన ఒక వాలంటీర్ దగ్గర నమ్మకం సంపాదించి, రిలీజ్ ఫైళ్లలో ఉండే బిల్డ్ స్క్రిప్టు ద్వారా దొంగ కోడ్ దూర్చారు. మన పిల్లలు అలాంటివాళ్లని కాదు నేననేది. బిల్డ్ కోడ్‌ని ఎవరూ శ్రద్ధగా చదవరు, అదీ నా బాధ.

లాయర్‌పేట (ఒంగోలు):
తమ్ముడూ, పిల్లలు నేరుగా కమిట్ చేయలేరు. ప్యాచ్ (కోడ్ మార్పు) పంపితే కమిటర్, అంటే కోడ్ కలిపే హక్కు ఉన్నవాళ్లు చూసి కలపాలి. అపాచీలో రిలీజ్ కావాలంటే పీఎంసీ (ప్రాజెక్టుని నడిపే కమిటీ) సభ్యులవి కనీసం మూడు అనుకూల ఓట్లు పడాలి.

కావలి_జావా:
ఆ ఓటు వేసేవాళ్లూ మనలాగే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చునే వాలంటీర్లే అన్నా. ఒకేసారి పది మంది పిల్లల చేత రెజ్యూమె కోసం ప్యాచ్‌లు పంపిస్తే వాళ్ల మీద ఎంత భారం పడుతుంది? మనం ముందు చదివి, మనం నడిపి చూసి, ఆ తర్వాతే పంపాలి.

కందుకూరమ్మాయి:
రెజ్యూమె కోసమని అందరినీ ఒకే గాటన కట్టకండన్నా. ఉద్యోగం కావాలి, దాచుకోను. కానీ ఆ కౌంట్ కాలమ్ సరిగ్గా వచ్చిన రోజు మావయ్యకి లెక్క చూపించి ఎంత సంతోషపడ్డానో నాకు తెలుసు. నా లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. గ్రేడిల్ డీమన్ (వెనకాల నడుస్తూనే ఉండే గ్రేడిల్ ప్రోగ్రాం), ఎడిటర్ రెండూ నడిస్తే బిగుసుకుపోతుంది. డిపెండెన్సీలన్నీ ఒకసారి కాలేజీ వైఫైలో దించుకుని ఇంట్లో ఆఫ్‌లైన్‌లో బిల్డ్ చేస్తున్నాను. ఇష్టం లేకపోతే ఇంత కష్టం ఎందుకు? మేడమ్ చెప్పిన డ్రైవర్ సమస్యకి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో నమూనా నేను చేస్తాను. అన్నా, మీరు చదివి చెబుతారా?

కావలి_జావా:
చదువుతానమ్మా. ప్రతి లైనూ చదువుతాను.

గ్రేడిల్ ప్లగిన్‌లో కొత్త సౌకర్యాలు మాత్రం ఇప్పుడే వద్దని నా మాట. దాని మీద నేను మారలేదు. ఎవరైనా చేయాల్సి వస్తే ఇద్దరు కలిసి చేయాలి, అందులో ఒకరు ఇక్కడే ఉండేవాళ్లయి ఉండాలి. వెళ్లిపోయేవాళ్లు తమ చేతిలో ఉన్న టికెట్లు (నమోదైన పనులు) ఎవరికి అప్పజెప్పారో, ఆ పనులు నమోదయ్యే జీరా సైటులో రాసి వెళ్లాలి. లాయర్‌పేట అన్నా, దీనికి మీరు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం నేనూ ఒంగోలు వస్తాను.

లాయర్‌పేట (ఒంగోలు):
టికెట్ల సంగతి ఒప్పుకున్నాను. కొత్త సౌకర్యాల సంగతి నేను ఒప్పుకోవడం లేదు, అది ఆదివారం తేల్చుకుందాం. సీడీబీఇంపోర్ట్ టాస్క్ గురించి మేడమ్ చెప్పిందాన్ని అప్పటికి ఒక నమూనా బిల్డ్‌తో నడిపి చూపిస్తాను.