డయాలసిస్ చాలంటే, వెంటిలేటర్ వద్దంటే పాపమా? (చర్చ)

కవిటి మార్త
అందరికీ వందనాలు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం (శ్రీకాకుళం జిల్లా) సంఘాల్లో ఈ ప్రశ్న ఆగకుండా వస్తోంది. ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉన్న పెద్దవాళ్ళు మంచం పట్టాక "ఇక నా వల్ల కాదు, ఆపేయండి" అంటారు. ఇంట్లో ఒకరు అది ఆత్మహత్యేనంటారు, ఇంకొకరు ఇంకా బాధపెట్టొద్దంటారు. వాక్యం ఏం చెబుతుంది, చట్టం ఏమంటుంది, ఇంట్లో మన చేతులతో ఏం చెయ్యాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

పాలకొండ ఉపదేశి
మార్తమ్మా, మా ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) బోధలో దీనికి ఎప్పుడో జవాబుంది. 1957లో పన్నెండవ పయస్ పోపుగారు ఆపరేషన్లలో మత్తుమందు ఇచ్చే డాక్టర్లకు చెప్పింది ఇదే: మామూలు వైద్యం చేయించుకోవడం మన బాధ్యత, మోయలేని బరువయ్యే అసాధారణ వైద్యం తప్పనిసరి కాదు. కతోలిక సత్యోపదేశం (మా సభ అధికారిక బోధల పుస్తకం) 2278వ పేరాలోనూ అదే ఉంది. ఫలితానికి మించి బాధపెట్టే చికిత్స మానుకోవడమంటే చావును కోరుకోవడం కాదు, దాన్ని ఆపలేమని ఒప్పుకోవడం. దానికి ముందున్న 2277వ పేరా మాత్రం గట్టిది. బాధ తీర్చాలనే అయినా, ప్రాణం పోవాలని సూది వేసినా, చెయ్యాల్సింది మానేసినా హత్యే.

అందుకే డయాలసిస్ మామూలు వైద్యమా కాదా అని పేరు చూసి చెప్పలేం. వారానికి మూడుసార్లు వెళ్ళొచ్చి జీడితోట చూసుకునే మనిషికి అది మామూలు వైద్యమే. గుండె దెబ్బతిని, మిషన్ ఎక్కిన ప్రతిసారీ బీపీ పడిపోయి స్పృహ తప్పే ముసలమ్మకు అదే మోయలేని బరువు.

బొబ్బిలి కాపరి
ఉపదేశిగారితో ఏకీభవిస్తున్నాను. మా బాప్టిస్టు సంఘాల్లో పైనుంచి వచ్చే ఆజ్ఞ ఉండదు, వాక్యం, మనస్సాక్షి, సంఘ పెద్దల ఆలోచన, అంతే. కానీ ఒక హెచ్చరిక. "ఆపేయండి" అన్న మాట వినగానే ఒప్పుకోవద్దు, వాదించొద్దు. ఎందుకంటున్నారో ఒంటరిగా కూర్చుని అడగండి. చాలాసార్లు దాని వెనక తీరని నొప్పో, దురదతో నిద్రలేని రాత్రులో, "కోడలికి భారమైపోయాను" అన్న దిగులో ఉంటుంది. నొప్పికి మందుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు లేకపోతే సంఘం యువకులు వంతులేసుకోవచ్చు. మంచంమీదే అన్నీ జరుగుతున్న మనిషి కూడా ఆదికాండము 1:27లో చెప్పిన దేవుని స్వరూపమే. భారమన్న భావనతో ఒకరు చికిత్స మానుకుంటే ఆ తప్పు సంఘానిది, రోగిది కాదు. ఇవన్నీ తీర్చాక కూడా స్పృహలో ఉండి, కొన్ని రోజుల తేడాతో అదే మాట చెబితే అప్పుడు దాన్ని గౌరవించాలి.

పాలియేటివ్ నర్సు, శ్రీకాకుళం
నయం కాని రోగులకు బాధ తగ్గించే సేవ (పాలియేటివ్) చేస్తుంటాను. ఇంట్లో చేసే సేవ గురించి రాస్తాను, జాగ్రత్తగా చదవండి.

డయాలసిస్ పూర్తిగా ఆపాక సాధారణంగా వారం పది రోజులు బతుకుతారు. మూత్రం కొంత వస్తుంటే ఇంకొన్నాళ్ళు. రెండు సంగతులు జరుగుతాయి. ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. మనకాడ ఎవరింటికెళ్ళినా చేతికందేది కొబ్బరిబొండమే, నీరసంగా ఉన్నారని తాగించేస్తారు. అందులో పొటాషియం ఎక్కువ, వద్దు. దాహమంటే చిన్న ఐసుముక్క చప్పరించనివ్వండి. మింగలేకపోతే తడి గుడ్డతో నోరు తుడిచి, పెదాలకు వాజెలిన్ రాయండి. ఆఖరి ఘడియలో చెంచాతో నీళ్ళు పొయ్యడం ప్రేమే గానీ, మింగే శక్తి లేనప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

నోటితో వేసుకునే మార్ఫిన్ (తీవ్రమైన నొప్పికి ఇచ్చే మత్తుమందు) సంగతి. క్యాన్సర్ నొప్పికి, కిడ్నీలు బాగున్నవాళ్ళకు మామూలుగా 5 మి.గ్రా. నాలుగు గంటలకోసారి మొదలుపెడతారు. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వెయ్యాలి. మొదటి రోజునుంచే విరేచనం మందు కూడా ఇవ్వాలి, లేకపోతే మలబద్ధకంతో మార్ఫినే మానేస్తారు. కిడ్నీ రోగికి ఈ లెక్క పనికిరాదు. మార్ఫిన్ విరిగాక మిగిలే పదార్థాలు బయటకు పోక పేరుకుంటాయి. కాళ్ళూచేతులూ ఉలిక్కిపడడం, కలవరింత, లేపినా లేవనంత మత్తు కనిపిస్తే అదే కారణం అనుకుని వెంటనే డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించి, వ్యవధి పెంచుతారు, లేదా ఫెంటనిల్ అనే ఇంకో నొప్పిమందుకు మారుస్తారు. క్యాన్సర్ వాళ్ళకు వేసిన చీటీ చూసి కిడ్నీ రోగికి ఎప్పుడూ వెయ్యొద్దు.

రాజాం విశ్వాసి
సిస్టర్, ప్రభువు సిలువ దగ్గర బోళము కలిపిన ద్రాక్షారసం పుచ్చుకోలేదు కదా (మార్కు 15:23). మరి మత్తుమందు తీసుకోవచ్చా?

బొబ్బిలి కాపరి
బ్రదర్, అది ప్రభువు తన పనికోసం తాను ఎంచుకున్నది, మన రోగుల మీద పెట్టిన ఆజ్ఞ కాదు. సామెతలు 31:6 చూడండి, ప్రాణం పోతున్నవాడికి మద్యమియ్యమని అక్కడే ఉంది. విశ్వాసం పేరుతో మార్ఫిన్ ఒక్కసారిగా ఆపిస్తే నొప్పి తిరగబెట్టడమే కాదు, వణుకు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఏ కాపరీ అలా చెప్పకూడదు.

విజయనగరం నోటరీ
చట్టం సంగతి. కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును రాజ్యాంగం 21వ అధికరణంలో (జీవించే హక్కులో) భాగమంది. 2023 జనవరిలో పద్ధతిని తేలిక చేసింది. ఇప్పుడు ముందస్తు వైద్య సూచన పత్రాన్ని (స్పృహ లేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం) ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకుంటే చాలు. మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళక్కర్లేదు.

పత్రంలో ఏం వద్దో పేర్లతో రాయండి, వెంటిలేటర్, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, డయాలసిస్, ఇలా. ఏ పరిస్థితిలో వద్దో కూడా రాయాలి. "నన్ను బాధపెట్టొద్దు" అని మాత్రమే రాస్తే ఐసీయూలో ఎవరికీ అర్థం కాదు. మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళ పేర్లు ఉండాలి. ఒకరికంటే ఇద్దరు మేలు, ఒకరు విదేశంలో ఉంటే కష్టం.

రోగి స్పృహలో లేనప్పుడు ఆసుపత్రిలో చికిత్స చేసే డాక్టరు, ఐదేళ్ళ అనుభవమున్న ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. వాళ్ళు సరేనంటే రెండో బోర్డు. దాన్లో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరుంటారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. అమలుకు ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. పత్రం లేకపోయినా ఇంటివాళ్ళ సమ్మతితో ఇదే దారి. సూది వేసి ప్రాణం తీయడం మాత్రం నేరమే.

పాలకొండ ఉపదేశి
ముక్కుగొట్టం గురించి మా బోధ కొంచెం వేరు. అన్నం నీళ్ళు చికిత్స కాదు, సంరక్షణ, అందుకని కోమాలో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు గొట్టం తియ్యడం మామూలుగా ఒప్పుకోం (2007లో రోము చెప్పింది). శరీరం దాన్ని తీసుకోలేనప్పుడు, అది పొంగి బాధపెడుతున్నప్పుడు వేరు. ఇంకోటి, ఫాదర్‌గారిని ఆఖరి క్షణానికి పిలవకండి. రోగి నోరు తెరిచి దివ్యసత్ప్రసాదం (ప్రభువు అప్పం) తీసుకోగలిగిన స్థితిలో ఉండగానే అవస్థ అభ్యంగనం (రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) చేయించండి.

పాలియేటివ్ నర్సు, శ్రీకాకుళం
వెంటిలేటర్ ఎక్కించేముందే "మూడు రోజులు చూద్దాం, మెరుగు లేకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం" అని డాక్టరుతో గడువు పెట్టుకోండి. ఇంటికి తీసుకెళ్ళాలనుకుంటే "డాక్టర్ వద్దన్నా వెళ్తున్నాం" అని సంతకం పెట్టి పరుగెత్తొద్దు, అలా వెళ్తే చాలాసార్లు మందుల చీటీ కూడా చేతికి రాదు. డిశ్చార్జి సమ్మరీలో నొప్పికి, ఆయాసానికి, ఆఖర్లో గొంతులో వచ్చే గురగురకు ఏం వెయ్యాలో రాయించుకోండి.

కవిటి మార్త
ముందస్తు సూచన పత్రం కాపీ పంచాయతీకి కూడా ఇవ్వాలంటున్నారు, కార్యదర్శి తీసుకుంటారా సార్?

విజయనగరం నోటరీ
తీసుకోవాలమ్మా, తీర్పులోనే ఉంది. తెలియదంటే ఒక అర్జీ జతచేసి ఇచ్చి, మీ నకలుమీద తేదీతో ముద్ర వేయించుకోండి, అదీ కుదరకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి. ఇంకో నకలు మామూలుగా చూసే డాక్టరు దగ్గర, ఒకటి డయాలసిస్ ఫైల్లో ముందు పేజీగా పెట్టండి, అంబులెన్సులో వెంట వచ్చేది ఆ ఫైలే.