మూడేళ్ల పాపతో మారేడుమిల్లిలో టెంట్ వేసుకుని ఉండొచ్చా?

కాకినాడ అమ్మ:
డిసెంబర్‌లో ఒక శని, ఆదివారాలు మారేడుమిల్లి వెళ్దామని మావారి కాలేజీ స్నేహితులు ప్లాన్ వేశారు. పెద్దవాళ్లం తొమ్మిది మందిమి. పిల్ల ఉన్నది మాకొక్కరికే, మూడేళ్లు నిండాయి. వాగు పక్కన టెంట్లు, రాత్రి చలిమంట, బొంగు చికెన్, పొద్దున్నే జలతరంగిణి జలపాతం. జింకను ఫోన్‌లో తప్ప చూడని పిల్ల, అడవి గాలైనా పీల్చనీ అంటారు మావారు. ఏజెన్సీ జ్వరాల సంగతి తెలిసీ పసిదాన్ని తీసుకెళ్తారా అని మా అత్తగారు రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. నాకు వెళ్లాలనే ఉంది, టెన్షన్ కూడా ఉంది. వెళ్లినవాళ్లూ, వద్దనేవాళ్లూ చెప్పండి.

పిల్లల వార్డు నర్సు:
మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. పగలు తిరిగి రండి, నేల మీద పడక మాత్రం వద్దు. కట్లపాము తిరిగేది రాత్రిపూట. అది కరిస్తే చాలాసార్లు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. మూడేళ్ల పిల్ల తెల్లవారుజామున కడుపు నొప్పి అని ఏడిస్తే తిన్నది పడలేదనుకుంటాం. కనురెప్పలు వాలిపోతున్నాయని గమనించేసరికి విలువైన సమయం పోతుంది. పాము పిల్లలని చూసి విషం తగ్గించి ఎక్కించదు, చిన్న ఒంటికి అదే విషం ఎక్కువ. అందుకే విరుగుడు ఇంజెక్షన్ డోసు కూడా పిల్లలకు తగ్గించరు. పైగా ఆ ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ అందదు. 108కి ఫోన్ చేయాలన్నా ముందు సిగ్నల్ దొరికే చోటికి రావాలి.

గుంటూరు నాన్న:
నర్సు గారి మాటలు నిజమే. కానీ పాముల భయంతో ఆపాలంటే మా పొలాలకు కూడా పిల్లల్ని తీసుకెళ్లకూడదు. మా వాణ్ని నాలుగేళ్లప్పుడు నల్లమల తీసుకెళ్లాను. వాడు రెండు గంటలు ఒక చెదపుట్ట దగ్గరే కూర్చున్నాడు. చీమలు రెక్కల పురుగును లాక్కెళ్తుంటే లెక్కపెట్టాడు, ఇప్పటికీ చెప్తాడు. ఆ రెండు గంటలు వాడికి ఇవ్వగలిగానన్న తృప్తి నాకుంది.

అసలు ప్రమాదం మాకు ఇంకోచోట ఎదురైంది. మేం ఎనిమిది మందిమి వెళ్లాం. ఇంతమంది ఉన్నాం, పిల్లాడికేం భయం అనుకున్నాం. మధ్యాహ్నం వాగులో దిగాక నేను మా ఆవిడ చూస్తోందనుకున్నాను, ఆవిడ నేను చూస్తున్నాననుకుంది, స్నేహితులు మేమిద్దరం ఉన్నాం కదా అనుకున్నారు. తల తిప్పేసరికి వాడు నాచు పట్టిన బండ మీద, మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. ఎత్తుకున్నాక అరగంట దాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అందుకే మీరు ముందు అడగాల్సింది ఆ స్నేహితుల్ని. ఎవరు తాగుతారు, ఎవరు బండి నడుపుతారు, ఏ గంటలో పాప ఎవరి బాధ్యత? దీనికి జవాబు రాకపోతే మానేయండి.

రంపచోడవరం వాసి:
మా పిల్లలు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు. అడవంటే జ్వరం, పాము అన్నట్టే రాస్తుంటే బాధగా ఉంది. అయితే దోమతెర లేకుండా మేమూ పడుకోం, పొద్దుగూకాక పిల్లల్ని వాగు దగ్గరికి పోనివ్వం. ఇక్కడ చినుకు లేకపోయినా పైకొండ మీద వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. నీళ్లు బురద రంగుకు తిరిగి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తే వెంటనే గట్టెక్కాలి. తుపాను కబురుంటే అసలు రావద్దు. ఇంకో మాట. వాగుల్లో సీసాలు పగలగొట్టి పోతున్నారు. మీ పాప కాలికి చెప్పు ఉంటుంది, మా పిల్లలు వట్టి కాళ్లతో దిగుతారు. దయచేసి మీ వాళ్లకు చెప్పండి.

కాకినాడ అమ్మ:
గుంటూరు నాన్న గారు రాసింది రాత్రి మావారికి చదివి వినిపించాను. ఆయన వెంటనే గ్రూప్‌లో అడిగారు. ఇద్దరు తాగం, పాపను వంతులవారీగా చూస్తాం అన్నారు. ఒకాయన మాత్రం "అయితే మీరు ఇంకోసారి రండిలే" అన్నారు. మావారికి మనసు చివుక్కుమంది, పదిహేనేళ్ల స్నేహం. చివరికి టెంట్ మానేసి మారేడుమిల్లిలో గది తీసుకుంటున్నాం. పాపను వాగులో దింపం, గట్టున ఆడిస్తాం. ఘాట్ మలుపుల్లో పిల్లకు వాంతులవుతాయి కాబట్టి చింతూరు వైపు వెళ్లడం కూడా మానుకున్నాం. అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు.

పిల్లల వార్డు నర్సు:
గది తీసుకోవడం మంచిదే. అయినా నన్నడిగితే ఐదేళ్లు వచ్చేదాకా ఆగమంటాను. ఎక్కడ నొప్పో, ఏం కుట్టిందో చెప్పగలిగే వయసు రావాలి. వెళ్తే మాత్రం చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేయండి, మీ దోమతెర మీరే పట్టుకెళ్లండి, గడ్డిలో కూర్చోబెట్టకండి. తిరిగొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే మామూలు జలుబు జ్వరమని ఇంట్లో సిరప్ పోస్తూ కూర్చోవద్దు. మలేరియా అయినా, గడ్డిలోని సన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం అయినా వారం, పది రోజుల తర్వాతే బయటపడతాయి. చంకల్లో, గజ్జల్లో ఆ పురుగు కుట్టిన చోట నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో చూడండి. డాక్టర్ దగ్గర మొదటి మాటగానే పాప అడవికి వెళ్లొచ్చిందని చెప్పండి.