10 లీటర్ల క్యాబినెట్‌లోకి గేమింగ్ పీసీ: నా పాత కార్డు, పాత పవర్ సప్లై పడతాయా?

చోటు_చాలదు:
అందరికీ నమస్కారం. టేబుల్ సగం ఆక్రమించిన పాత టవర్‌ని తీసేసి ఫ్రాక్టల్ టెర్రా అనే చిన్న క్యాబినెట్‌లోకి మారాలనుకుంటున్నాను. 10.4 లీటర్లది. రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్, దానికి మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు ఇప్పటికే తీసుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు పాత టవర్‌లోదే, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, మూడు ఫ్యాన్లది. టేపు పెట్టి చూస్తే పొడవు 336 మి.మీ., మందం 60 దాకా ఉంది. పవర్ సప్లై 750 వాట్ల ఏటీఎక్స్. ర్యామ్ రంగు లైట్లు ఉన్న ఎత్తు రకం. క్యాబినెట్ ఇంకా కొనలేదు.

ఇవన్నీ అందులో పడతాయా? పడితే వేడి సంగతేంటి? చిన్న క్యాబినెట్లలో ప్రాసెసర్ 85 డిగ్రీలు దాటుతుందని చదివి కాస్త భయపడ్డాను.

స్క్రూడ్రైవర్:
కొనకముందే అడిగారు, మంచి పని చేశారండీ.

పవర్ సప్లై పట్టదు. ఏటీఎక్స్ అంటే 150 × 86 మి.మీ. ముఖం, లోతు సాధారణంగా 140కి తక్కువ ఉండదు. టెర్రా లాంటి వాటికి ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న కొలత పవర్ సప్లై కావాలి, అది 125 × 63.5 × 100. ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ అని ఇంకొకటి ఉంది, లోతు 130. దాంట్లో 120 మి.మీ. ఫ్యాన్ పడుతుంది కాబట్టి చప్పుడు తక్కువ. కానీ ఆ అదనపు 30 మి.మీ. మీరు కేబుళ్లు సర్దుకోవాల్సిన చోటే. నన్నడిగితే మామూలు ఎస్‌ఎఫ్‌ఎక్సే తీసుకోమంటాను. 4070 సూపర్‌కి ఎన్విడియా చెప్పే పవర్ సప్లై 650 వాట్లు, మీ ప్రాసెసర్‌తో కలిపినా అది సరిపోతుంది.

పాత పవర్ సప్లై కేబుళ్లు పొడవుగా, మెత్తగా ఉన్నాయని కొత్తదానికి తగిలించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. బోర్డు వైపు కనెక్టర్ అందరికీ ఒకటే. పవర్ సప్లై వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. ప్లగ్గు చక్కగా దిగిపోతుంది, స్విచ్ వేయగానే ఎస్ఎస్‌డీనో బోర్డో కాలిపోతుంది.

ఇక కార్డు. టెర్రాలో పట్టే గరిష్ఠ పొడవు 322. మీది 336. పద్నాలుగు మిల్లీమీటర్లే కదా అని ముందు గోడ కోసే పని పెట్టుకోవద్దు. ఇంకాస్త పెద్ద క్యాబినెట్ చూద్దామంటే, 18 లీటర్ల పైచిలుకు ఉండే కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 కూడా 330 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మీ ముందు రెండే దారులు. ఆ కార్డునే ఉంచుకుని ఇంకా పెద్ద పెట్టెకి వెళ్లడం, లేదా దాన్ని అమ్మేసి అదే చిప్ ఉన్న పొట్టి కార్డు తెచ్చుకోవడం. 4070 సూపర్‌లో ఎన్విడియా సొంత ఫౌండర్స్ ఎడిషన్ పొడవు 244 మి.మీ., రెండు స్లాట్ల మందం, అంటే సుమారు 40 మి.మీ. ఇతర కంపెనీల రెండు ఫ్యాన్ల రకాలూ చాలానే ఉన్నాయి. 2024లో ఎన్విడియా చిన్న క్యాబినెట్లకు సరిపోయే కార్డులంటూ ఒక కొలత పెట్టింది: పొడవు 304, కేబుల్ వంపుతో కలిపి ఎత్తు 151, మందం 50 మి.మీ. లోపు. ఆ గుర్తు ఉన్న కార్డుల నుంచి వెతుకులాట మొదలుపెడితే సగం పని తీరుతుంది. మీ క్యాబినెట్ కొలతలతో సరిచూసుకోవడం మాత్రం ఎలాగూ తప్పదు.

చోటు_చాలదు:
కార్డు అమ్మడానికి మనసు రావట్లేదు గానీ పెట్టె మీద మోజు అంతకన్నా ఎక్కువ. సరే, రెండు స్లాట్ల కార్డు తెస్తాను. మరి కూలర్? మధ్య గోడ జరుగుతుందని రాశారు ఎక్కడో, అదేంటో అర్థం కాలేదు.

స్క్రూడ్రైవర్:
టెర్రాలో కార్డు, బోర్డు వీపులు కలుపుకుని నిలబడతాయి. వాటి మధ్య గోడ ఉంటుంది, కార్డుని బోర్డుకి కలిపే రైజర్ కేబుల్ ఒకవైపు నుంచి ఇంకోవైపుకి వెళ్తుంది. ఆ గోడని అటూ ఇటూ జరపొచ్చు. ఒక చివరకు జరిపితే కూలర్‌కి 48 మి.మీ., కార్డుకి 72. ఇంకో చివరకు జరిపితే కూలర్‌కి 77, కార్డుకి 43. మొత్తం 120, దాన్నే ఇద్దరూ పంచుకోవాలి. 60 మి.మీ. మందం కార్డు పెట్టి ఉంటే మీ కూలర్‌కి 60 మిగిలేది. 40 మి.మీ. కార్డు తెస్తే 77 దాకా వెళ్లొచ్చు. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్‌ఎక్స్77 సరిగ్గా 77 ఎత్తు, థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ120-ఎక్స్67 అయితే 67. మీ ఎత్తు ర్యామ్ ఈ కూలర్ల రెక్కల కిందకి దూరకపోవచ్చు, తలపై రేకులు లేని పొట్టి రకం చూడండి.

అందుకే లీటర్ల లెక్క పెద్దగా నమ్మను నేను. ఒకే లీటర్లున్న రెండు పెట్టెల్లో ఒకదాంట్లో మీ సామాను హాయిగా కూర్చుంటుంది, ఇంకోదాంట్లో మూతే పడదు. ముందు ఎన్ని వాట్లు వేడి బయటికి పంపాలో తేల్చుకుని, ఆ వాట్లకి ఎన్ని మిల్లీమీటర్ల కూలర్ కావాలో చూసుకుని, పెట్టె ఆఖరున కొనాలి. అందరం ముందు పెట్టెని చూసి మనసు పారేసుకుంటాం, అది వేరే విషయం.

నిశ్శబ్దం:
స్క్రూడ్రైవర్ అన్నా, కూలర్‌కి మొత్తం 77 ఇచ్చేయడం నాకు నచ్చలేదు. 7800ఎక్స్3డీ టీడీపీ (కూలర్ ఎంచుకోవడానికి కంపెనీ ఇచ్చే వేడి అంకె) 120 వాట్లని ఏఎండీ చెప్పినా, ఆటలు ఆడేటప్పుడు చాలావరకు 50 నుంచి 70 వాట్ల మధ్యే తింటుంది. కార్డు 220 వాట్లు తింటుంది. వేడి ఎక్కడుందో చోటు అక్కడ ఇవ్వాలి కదా.

ఇంకో మాట. 7000 సిరీస్ ఎక్స్3డీల్లో అదనపు క్యాష్ (ప్రాసెసర్‌లోని వేగమైన చిన్న మెమరీ) ముక్క కోర్లున్న చిప్ నెత్తిన ఉంటుంది. కోర్ల వేడి దాన్ని దాటి పైకి రావాలి. అందుకే ఎంత పెద్ద కూలర్ పెట్టినా అంకె మనం అనుకున్నంత దిగదు. 9800ఎక్స్3డీలో ఆ ముక్కని కోర్ల కిందికి మార్చారు, దాని సంగతి వేరు. 7800ఎక్స్3డీకి ఏఎండీ పెట్టిన పరిమితి 89 డిగ్రీలు. ఆటలో 80 చూపించిందని కంగారు పడక్కర్లేదు. బెంచ్‌మార్క్ పెట్టి 89 ముట్టుకుంటే అది తన వేగం తనే కొంచెం తగ్గించుకుంటుంది, కాలిపోదు.

స్క్రూడ్రైవర్:
వాట్ల లెక్క నిజమే. కానీ కార్డు ఫ్యాన్లకీ, చిల్లుల మూతకీ మధ్య ఖాళీ ఎక్కువైతే లాభం కన్నా నష్టమే. కార్డు వదిలిన వేడిగాలి ఆ సందులోంచి తిరిగొచ్చి మళ్లీ అవే ఫ్యాన్లలోకి పోతుంది. ఫ్యాన్లు మూతకి దగ్గరగా ఉంటే బయటి చల్లగాలినే నేరుగా పీల్చుకుంటాయి. మరీ ఆనించేస్తే గాలి కోస్తున్న చప్పుడొస్తుంది, అదొక్కటి చూసుకోవాలి. 40 మి.మీ. కార్డుకి 43 నుంచి 50 మధ్య ఎక్కడైనా పెట్టి, మిగతాది కూలర్‌కి వదలమంటాను.

నిశ్శబ్దం:
ఆ తిరిగొచ్చే గాలి మాటకి ఒప్పుకుంటున్నాను. కూలర్ వైపూ అదే సూత్రం మరి. కూలర్ ఫ్యాన్‌కీ మూతకీ మధ్య సందు మిగిలితే చుట్టూ ఫోమ్ చట్రం కత్తిరించి అతికిస్తే, పైసా ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు తగ్గుతాయి.

అసలు మందు సెట్టింగుల్లో ఉంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది, ప్రాసెసర్‌కిచ్చే వోల్టేజీని దించేది. అందులో అన్ని కోర్లకీ మైనస్ 15తో మొదలుపెట్టి, మైనస్ 20 దాకా చూడండి. నిలకడగా లేకపోతే వెనక్కి తగ్గండి. ఏ పనీ లేనప్పుడు దానంతటదే రీస్టార్ట్ అయితే అది కూడా ఎక్కువ దించేశారనడానికి గుర్తే. ఒక్క బెంచ్‌మార్క్ పాసైందని వదిలేయొద్దు. కార్డుకి ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించితే 220 వాట్లు కాస్తా 176 అవుతాయి. ఫ్రేములు అందుకు తగ్గట్టు పడిపోవు, కొద్దిగానే తగ్గుతాయి. 10 లీటర్ల పెట్టెలో 44 వాట్లంటే చిన్న విషయం కాదు, ఫ్యాన్ల మోత మారిపోయిందని చెవికే తెలుస్తుంది.

చోటు_చాలదు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. వాటర్ కూలర్ గురించి ఎవరూ అనలేదేం?

స్క్రూడ్రైవర్:
ఈ పెట్టెకి వద్దు. 240 రేడియేటర్‌కి చోటు లేదు. 120ది ఎలాగో ఇరికించినా దాని గొట్టాలకి చోటు వెతుక్కోవాలి, పంప్ గొణుగుడు అదనం. చక్కటి గాలి కూలర్ కన్నా అది ఒరగబెట్టేదేమీ లేదు.

దానికన్నా బిగించే వరస మీద దృష్టి పెట్టండి. ఎం.2 ఎస్ఎస్‌డీ (బోర్డుకే బిగించే స్టోరేజీ), ర్యామ్, కూలర్ మూడూ బోర్డు బయట ఉండగానే బిగించేయండి. చాలా ఐటీఎక్స్ బోర్డులకి రెండో ఎం.2 స్లాట్ వెనకవైపు ఉంటుంది, బోర్డు లోపల పెట్టాక దాన్ని చేరాలంటే అంతా విప్పాలి. అక్కడ గాలి కూడా ఆడదు, అందుకే విండోస్, ఆటలు ముందు స్లాట్‌లో ఉంచి వెనకది ఫైళ్లకి వాడుకోండి. తర్వాత బోర్డుని దాని అట్టపెట్టె మీదే ఉంచి ఒకసారి ఆన్ చేసి చూడండి. మీ ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది, మానిటర్ కేబుల్ బోర్డుకే పెట్టొచ్చు. మొదటిసారి డీడీఆర్5 ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని స్విచ్ తీసేయకండి. బయోస్ అప్‌డేట్ కూడా అప్పుడే చేసేయండి.

పెట్టెలోకి దించాక ముందు ప్రాసెసర్ 8 పిన్ కేబుల్, తర్వాత 24 పిన్. కార్డు ఆఖరున. కార్డు కరెంటు కనెక్టర్ కొత్త 16 పిన్ రకమైతే, సందు కనపడకుండా పూర్తిగా దిగేదాకా నొక్కండి. మొదటి 35 మి.మీ. దాకా కేబుల్‌ని వంచకండి. సరిగా దిగని కనెక్టర్లు కరిగిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

కొత్త_బోర్డు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటి పెట్టే, రైజర్ జెన్ 4, అంటే పీసీఐఈ 4.0 వేగందాకా మోసేది. కార్డు ఆర్‌టీఎక్స్ 5070. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు. ఒకోసారి విండోస్ దాకా వచ్చి ఆట మొదలవగానే నల్లబడుతుంది. కార్డుని బోర్డుకి నేరుగా పెట్టి చూశాను, బాగానే పనిచేస్తోంది. కార్డు వెనక్కి పంపాలా?

నిశ్శబ్దం:
వద్దు, వద్దు. నేరుగా పెడితే ఆడుతోందంటే కార్డు మంచిదే. 50 సిరీస్ కార్డులు పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి) 5.0వి. మీ బోర్డు స్లాట్ కూడా 5.0 అయితే, రెండూ ఆటో సెట్టింగులో ఆ వేగానికే ఒప్పుకుంటాయి. మధ్యలో ఉన్న రైజర్ ఆ వేగాన్ని మోయలేదు. మానిటర్‌ని బోర్డు హెచ్‌డీఎంఐకి మార్చి, బయోస్‌లో కార్డు పెట్టే x16 స్లాట్ వేగం ఆటో నుంచి జెన్ 4కి మార్చండి. ఆటల్లో తేడా కంటికి కనపడదు. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడల్లా ఆ సెట్టింగు మళ్లీ ఆటోకి పోవచ్చు, గుర్తుంచుకోండి.

కొత్త_బోర్డు:
జెన్ 4 పెట్టగానే తెర వచ్చింది. గంట నుంచి ఆడుతున్నాను, ఆగలేదు. థ్యాంక్స్ అన్నా.

చోటు_చాలదు:
నా కార్డు 40 సిరీస్ కదా, నాకు ఈ తిప్పలు ఉండవా?

నిశ్శబ్దం:
ఉండవు, 4070 సూపర్ ఎటూ జెన్ 4 దాటదు, టెర్రాతో వచ్చే రైజర్ కూడా జెన్ 4దే. దాన్ని గట్టిగా మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పండి, రెండు చివర్లూ పూర్తిగా దిగాయో లేదో చూసుకుని మూత వేయండి.