అప్‌డేట్: మా ఆవిడ కెనడా వచ్చేసిందండీ

పోయినేడాది అడిగాను కదా: నేను ఇక్కడ పీఆర్ (శాశ్వత నివాసిని), మా ఆవిడ గుంటూరులో, పాస్‌పోర్టులో ఆమె ఇంటిపేరు పూర్తిగా ఉంది, మ్యారేజ్ సర్టిఫికెట్లో ఇనీషియలే, ఆమెని ఇక్కడికి తెచ్చుకునే స్పాన్సర్‌షిప్ దరఖాస్తు తిప్పికొడతారా అని. కొట్టలేదు. నోటరీ అఫిడవిట్, టెన్త్ మెమో, ఒక పేజీ వివరణ పెట్టాం. దాని గురించి ఒక్క ముక్క అడగలేదు.

తిప్పలన్నీ వేరే చోట. మాది పెద్దలు కుదిర్చిన సంబంధం. మా బంధం వివరాలు రాసే ఐఎంఎం 5532 ఫారంలో ఎలా కలిశారు, ఎవరు పరిచయం చేశారు అని అడుగుతారు. మా పిన్ని పెళ్లిళ్ల పేరయ్య అవతారం ఎత్తిన సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ఆల్బంలో ఫోటోలు రెండు వేలు, పంపాల్సింది ఇరవై! అత్తగారు పట్టుబట్టిన జీలకర్ర-బెల్లం ఫోటోలో మా ఇద్దరి మొహాలకీ పంతులుగారి చెయ్యి అడ్డం. దాని బదులు రెండు కుటుంబాలూ భోజనాల బంతిలో కూర్చున్నది పెట్టాం.

ఒక కన్సల్టెంట్ మాట విని మెడికల్ (వీళ్లు అడిగే వైద్య పరీక్ష) మరీ ముందే చేయించడం మా బుద్ధి తక్కువ. అది 12 నెలలే చెల్లుతుంది. మళ్లీ హైదరాబాద్ ప్రయాణం, మళ్లీ ఫీజు.

స్పాన్సర్ చేయడానికి ఎంత జీతం ఉండాలని అడిగినవాళ్లకి: క్యూబెక్ రాష్ట్రం సంగతి వేరు గానీ, మిగతాచోట్ల తెచ్చుకునేది భార్య ఒక్కదాన్నే అయితే మామూలుగా కనీస ఆదాయం లెక్క చూడరు. కానీ ఆమెకి పీఆర్ వచ్చాక 3 ఏళ్లు పోషణ నాదేనని సంతకం పెట్టాలి, విడిపోయినా అది పోదు. ఆ లైను చదివి మా ఆవిడ తెగ నవ్వింది.

మొన్న దిగింది. సూట్‌కేసులో సగం ఆవకాయే. డిక్లేర్ చేసే తెచ్చింది లెండి.